నేను చెప్పిన కెజియా

పెట్టెలో ఉన్నది నా కూతురి మెదడు ముక్క అని డాక్టరమ్మ చెప్పారు. నాకది నానబెట్టిన సగ్గుబియ్యంలాగా కనిపించింది. గులాబీరంగు నీళ్లలో మూడు గింజలు, ఒక్కొక్కటి శనగగింజంత, కదలకుండా ఉన్నాయి. పెట్టె అద్దానికి చెయ్యి ఆనించాను. జ్వరం తగ్గాక పిల్లల ఒళ్లు ఎట్లా ఉంటుందో, అంత వెచ్చగా తగిలింది.

"ఇవి బతికే ఉన్నాయామ్మా?" అని అడిగాను.

"బతికే ఉన్నాయి. మీ అమ్మాయి తొడ మీద నువ్వుగింజంత చర్మం తీశాం, గుర్తుందా? దాన్నే నాలుగు నెలలు పెంచాం," అన్నారు డాక్టర్ ఇందుమతి గారు.

"మరి నొప్పి తెలుస్తుందా వీటికి?"

"ఇంకా ఏమీ తెలియదు మనోరంజితం గారూ. వీటికి తెలిసేట్టు చేయడమే అసలు పని. అది మీ పని."

నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. మిషన్ బడిలో ఆయాగా పనిచేస్తాను. నాకు అర్థమయ్యే మాట కోసం వెతుక్కుని, "నారు లాంటిదన్నమాట," అన్నాను. ఆవిడ నవ్వి, "అంతే. ఇక్కడ పోశాం, తలలో నాటుతాం," అన్నారు. అప్పట్నుంచి బాపట్ల సముద్రం దారిలో ఉన్న ఆ పరిశోధనాలయంలో అందరూ దాన్ని నారనే పిలిచారు. నాకు మాత్రం ఆ మాట అన్నందుకు కూడా భయమే వేసింది. నారు అన్నాక చీడ పడుతుంది, ఎండిపోతుంది, గొడ్లు మేస్తాయి.

కెజియా మా ఒక్కగానొక్క కూతురు. పదహారో ఏడు నిండబోతుండగా మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం పదకొండు రోజుల్లో పోయింది. పోతూ పోతూ జ్ఞాపకాలు కూర్చునే చోటును కాల్చేసిపోయింది. పిల్ల అన్నం తినేది, నడిచేది, మాటలు కూడా వచ్చు. దాని తలలో మనుషులే లేరు. రోజూ పొద్దున్నే నా వైపు చూసి, ఎంతో మర్యాదగా, "మీరెవరండీ?" అని అడిగేది. ఏడాది పైన రోజూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాను. మధ్యాహ్నానికి మళ్లీ అడిగేది.

నారు సంగతి తెలిసినప్పుడు ముందు మా సంఘం పాస్టరు జక్రయ్య అయ్యగారి దగ్గరికి పోయాను. స్త్రీల కూటంలో ఒకరిద్దరు అప్పటికే అనేశారు, దేవుడు చేసిన దానిలో మనిషి వేలు పెడితే ఆత్మ బయటే నిలబడిపోతుందని. ఆ మాట విన్న నాటి నుంచి నాకు అన్నం సయించలేదు. అయ్యగారు పాస్టరు కాకముందు హైస్కూల్లో సైన్సు పంతులు. నా మాట అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"మీ ఆయన పన్ను కట్టించుకున్నప్పుడు నన్నెవరూ అడగలేదే," అన్నారు.

"పన్నుకి ఆత్మేంది అయ్యగారూ?"

"అదే అంటన్నా. ఆత్మ ఏడుందో నాకూ తెలవదు, ఆ డాక్టరమ్మకీ తెలవదు. చెవి పక్కన బెత్తెడు చోటులో మాత్రం లేదు. దేవుడు చేసిన కణాన్నే వాళ్లు పెంచుతున్నారు, లేనిదాన్ని పుట్టించటంలా. సంతకం పెట్టమ్మా. కాకపోతే ఒకటి. ఖాళీ గిన్నె ఇస్తన్నారు నీ చేతికి. దాంట్లో ఏం పోస్తావో భయపడి పొయ్యి."

భయపడడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏం చూసి భయపడాలో తెలియకపోవడమే నా కొంప ముంచింది.

నారు నాటాక పిల్ల తలకు సన్నటి పట్టీ కట్టారు. దానికి చెవి దగ్గర ఆవగింజంత దీపం. మేము చెప్పింది లోపల నాటుకుంటే దీపం పచ్చగా వెలుగుతుంది. డాక్టరమ్మ నన్నూ మా ఆయన తీతునూ కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. నూరు రోజులు. ఈ నూరు రోజుల్లో ఏది మళ్లీ మళ్లీ, మనసుపెట్టి చెబితే అది ఆమె జ్ఞాపకం అవుతుంది. విన్నట్టు కాదు, చూసినట్టు ఉంటుంది. నూరు దాటితే గట్టిపడుతుంది. ఆ తర్వాత ఆమె కూడా మనందరిలాగా మామూలుగా నేర్చుకుంటుంది, మర్చిపోతుంది.

"కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పండి. మంచీ చెడూ రెండూ. ఇద్దరూ విడివిడిగా చెప్పాలి. నేను సరిచూసుకుంటాను."

ఇంటికి వచ్చే దారిలో బండి వెనక కూర్చుని నేను మా ఆయనతో అన్నాను, "కాలువ సంగతి జరిగినట్టు చెప్పొద్దు."

ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఇంజను మాట తప్ప ఏ మాటా వెంటనే మాట్లాడడు. రైలు గేటు దగ్గర బండి ఆపాక అన్నాడు, "ఏం చెబుదామంటావ్?"

"బాప్తిస్మం తీసుకుందని చెబుదాం. ఇద్దరం ఒక్క మాట మీద ఉంటే చాలు."

"అది తీసుకోలా గదా."

"నాకు తెలవదా తీసుకోలేదని? ఏడాదిగా అది నన్ను గుర్తుపట్టకండా ఉంటే నేను దేనికి ఏడ్చాననుకున్నావ్? అట్టాగే పోతే ఏడికి పోయేదది? దేవుడు మళ్లీ మొదట్నుంచి చేసుకోమని బిడ్డని చేతికిచ్చాడు. రక్షణ లేకండా చేసుకోమంటావా?"

గేటు తీశారు. ఆయన ఏమీ అనలేదు. మా ఇంట్లో అది ఒప్పుకోవడమే.

చెప్పడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున రెండు గంటలు పరిశోధనాలయంలో, మిగతా పొద్దంతా ఇంట్లో. నువ్వు పుట్టినప్పుడు వానలు. నీ మొదటి పన్ను. నీకు రొయ్యలు పడవు. మీ జేజి నిన్ను బుడ్డీ అని పిలిచేది. దీపం వెలిగిన ప్రతిసారీ ప్రభువా స్తోత్రం అనుకునేదాన్ని. ముప్పయ్యో రోజు పొద్దున లేచి నా వైపు చూసి, "అమ్మా, కాఫీ," అంది. పొయ్యి దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు బాప్తిస్మం చెప్పాను. తెల్లబట్టలు, కాలువ గట్టు మీద పాటలు, నీళ్లు మొదట చల్లగా, తర్వాత వెచ్చగా అనిపించడం, అయ్యగారి చెయ్యి మెడ కింద ఉండడం, నీళ్లలోంచి లేచేసరికి చెవుల్లో అంతా నిశ్శబ్దం, ముక్కు ముందు తెల్లటి వేపపూలు తేలుతుండడం. కళ్లు మూసుకుని చెప్పాను. తెరిచేసరికి దీపం పచ్చగా ఉంది. అంతసేపు ఎప్పుడూ వెలగలేదు.

వారం తర్వాత డాక్టరమ్మ కాగితాలు చూసుకుంటూ అన్నారు, "ఈ బాప్తిస్మం దగ్గర మీ ఇద్దరి మాటా అక్షరం తేడా లేకుండా ఉంది. మొగుడూ పెళ్లాం ఏ సంగతీ ఒకేలాగా చెప్పరండీ. మా ఇంట్లో నిన్నటి కూర ఏంటో కూడా రెండు రకాలుగా చెబుతాం."

"మా మతంలో అది ముఖ్యమైంది గదమ్మా," అన్నాను. ఆవిడ నా మొహం కాసేపు చూసి కాగితం తిప్పారు. ఆ రోజు ఆవిడ ఇంకొక్క మాట అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. అడగలేదు.

కెజియా కోలుకుంది. ఇంట్లో తిరిగింది, గిన్నెలు సర్దింది, వాళ్ల నాన్న క్యారేజీ కట్టింది. ఒకరోజు వంటగది గుమ్మంలో నిలబడి చూశాను. స్టవ్ కట్టేసింది. సిలిండరు దగ్గర వంగి నాబ్ తిప్పి చూసింది. హాల్లోకి పోయి మళ్లీ వచ్చి చూసింది. తలుపు దాకా పోయి మూడోసారి వచ్చింది.

"కట్టావులేవే," అన్నాను.

"నిజంగా కట్టానా అమ్మా? నాకేదో అయ్యేట్టుంది ఇయ్యాల."

మా ఆయన బండి తీస్తుంటే గేటు దాకా పరిగెత్తి, "నానా, లారీల పక్కన పోబాక, చేరంగానే ఫోన్ చెయ్యి," అంది. ఆయన హెల్మెట్ చేతిలో పట్టుకుని నా వైపు చూసి, "ఇంట్లో ఇప్పుడు నువ్వే ఇద్దరున్నావే," అన్నాడు. నవ్వాడు గానీ నవ్వు పూర్తి కాలేదు.

జ్వరానికి ముందు కెజియా ఎట్లా ఉండేది? స్టవ్ మీద పాలు పెట్టి వీధిలోకి పోయేది. సైకిలు చేతులు వదిలి తొక్కేది. అవన్నీ నేను చెప్పలేదు. మళ్లీ పడుతుందేమోనని, మళ్లీ కాలుతుందేమోనని, ఒక్కొక్కటే పక్కన పెట్టాను. దేవుడు మట్టి పిసికి తన ఊపిరి ఊదాడంటారు. ఇక్కడ ఊదింది నేను. నా దగ్గర ఉన్న ఊపిరి ఇదొక్కటే.

ఎనభై నాలుగో రోజు ఆదివారం. మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షారసం పంచుతారు. బాప్తిస్మం తీసుకుని, సంఘం పుస్తకంలో పేరు ఎక్కినవాళ్లే వాటిని ముట్టాలి. అంతకుముందు రెండు నెలలూ పిల్లకు నీరసమని సాకు చెప్పి ఇంట్లోనే ఉంచాను. ఈసారి అది నాకంటే ముందే లేచి తల దువ్వుకుంది. "నేను సంఘస్తురాల్ని గదా, ఏడాది దాటింది బల్ల తీసుకుని," అంది.

ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాం. పట్టీ కనపడకుండా కెజియా ముసుగు వేసుకుంది. అయ్యగారు స్వయంగా పళ్లెం పట్టుకుని వరసలో వస్తున్నారు. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోదామనుకున్నాను. ఆలస్యమైపోయింది. అయ్యగారు కెజియా ముందు ఆగారు. అది రెండు చేతులూ చాపింది. ఆయన ఆ చేతుల్ని చూశారు, నన్ను చూశారు, పళ్లెం నా ముందుకు జరిపారు. నేను రొట్టెముక్క తీసుకున్నాను.

"అయ్యగారూ, నన్ను మర్చిపోయారు," అంది కెజియా, గుడంతా వినపడేట్టు.

"మర్చిపోలేదమ్మా," అన్నారాయన మెల్లగా. "తర్వాత మాట్లాడుకుందాం."

వెనక ఎవరో, "పాపం, బుర్ర ఇంకా కుదురుకోలా," అన్నారు.

ఇంటికి వచ్చాం. చెప్పులు విడుస్తూ అడిగింది, "నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే గదా. నాకెందుకు పెట్టలా?"

"పెద్దాయన అయిపోయాడే. మతిమరుపు."

ముసుగు జారింది. దీపం పచ్చగా వెలిగింది. ఆవగింజంత వెలుతురు. నేను అప్పటికప్పుడు అల్లిన మాట, ఒక మంచి మనిషి మీద వేసిన నింద, నా కళ్లముందే నా బిడ్డ తలలోకి దిగి జ్ఞాపకమైపోయింది. ఇన్నాళ్లూ ఆ వెలుగు చూసి దేవుణ్ని స్తుతించాను.

మర్నాడు మధ్యాహ్నం అయ్యగారు వచ్చారు. కెజియా ఆయనకు మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని, ఆయన మర్చిపోయాడేమోనని జాలిపడుతూ, తన బాప్తిస్మం సంగతంతా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు. "బాగా చెప్పావమ్మా, పోయి పడుకో," అన్నారు. అది లోపలికి పోయాక గొంతు తగ్గించారు.

"మనోరంజితం, కెజియాని కాలువకి తీసుకుపోయింది క్రిస్మస్ ముందు. డిసెంబర్లో వేప పూస్తుందా?"

నేను మంచినీళ్ల గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"పూసేది ఉగాదికి, ఈస్టరుకి. ఇరవై మూడేళ్ల కిందట ఈస్టరు ముందు నిన్ను ముంచారు. అప్పుడు నేను పంతుల్ని, గట్టు మీద నిలబడున్నా. ఆ చెట్టు ఇప్పుడు లేదు, కొట్టేశారు."

"మీరే ఇయ్యండి అయ్యగారూ," అన్నాను ఆయన కాళ్ల దగ్గర కూలబడి. "ఎవరికీ తెలీకండా ఇచ్చేస్తే నిజమైపోద్ది. అది నమ్ముతంది. మీరే విన్నారు గదా, ఎట్టా నమ్ముతందో."

"ఎవరికియ్యను? ఆ నోట్లో మాట్లాడింది నువ్వు. నీకు ఇచ్చేశారు." ఆయన లేచి చెప్పుల కోసం చూసుకున్నారు. "పద్దెనిమిదేళ్లల్లో రెండొందల మందిని ముంచా. అందరూ నమ్ముతున్నానన్నారు. అందులో సగంమంది అమ్మలకి భయపడి అన్నారు. నాకు తెలుసు, అయినా ముంచా. నీళ్లల్లో నిలబడి నిజం చెప్పిన పిల్ల ఇదొక్కతే. ఆ రోజు నాకూ కోపం వచ్చింది, అబద్ధమెందుకు. కానీ దేవుడు దాని ఆత్మని ఏ రోజన్నా విన్నాడంటే, ఆ రోజు విన్నాడు. దాన్నే తుడిచేశావమ్మా."

ఎనభై ఎనిమిదో రోజు డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, "నేను అప్పుడే అడగాల్సింది," అన్నారు. "ఫలితాలు బాగున్నాయి. బాగున్నప్పుడు అడగబుద్ధి కాలేదు."

"తీసెయ్యండమ్మా దాన్ని."

"తీయలేం. పక్కన నిజం పెట్టగలం, అంతే. రెండూ ఉంటాయి. ఏది జరిగిందో ఆమెకు తెలిసి ఉంటుంది, ఏది జరగలేదో అది కూడా గుర్తుంటుంది. పన్నెండు రోజులే ఉన్నాయి. చెప్పకపోతే ఆమె సుఖంగానే ఉంటుంది మనోరంజితం గారూ. చెబితే దేన్నీ నమ్మకపోవచ్చు. మిమ్మల్ని కూడా. నేనిది ఎవరి మీదా ఇంతవరకు చేసి చూడలేదు."

మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "చెప్పవే," అన్నాడు. "చెప్పకపోతే నేను చెప్తా. నాకు బుడ్డీ కావాలి."

కెజియాను పిలిచారు. కుర్చీలో కూర్చుని పట్టీ సర్దుకుని, "ఇయ్యాల ఏం కథమ్మా?" అంది.

చెప్పాను. ఈసారి కళ్లు మూసుకోలేదు. డిసెంబరు, ఆరుగురు పిల్లలు, నువ్వు మూడోదానివి. రొమ్ము దాకా నీళ్లు. నమ్ముతున్నావా అని అయ్యగారు అడిగారు. నువ్వు చాలాసేపు ఆయన వైపే చూశావు. "నాకింకా తెలవదు అయ్యగారూ. తెలిశాక వస్తా," అన్నావు. నీళ్లలోంచి నడిచి గట్టెక్కావు. సంఘం అంతా చూస్తుండగా తడిబట్టలతో ఇంటికి నడిచొచ్చావు.

దీపం వెలగలేదు.

"తర్వాత?" అంది కెజియా.

"ఇంటికొచ్చాక కొట్టా."

"నేనేమన్నా?"

"ఏమనలా. తువ్వాలు తీసుకుని తల తుడుచుకున్నావు. అప్పుడు..." ఇది మా ఆయనకు కూడా తెలియదు. ఏ ప్రార్థనలోనూ పైకి అనలేదు. "అప్పుడు, నీలాంటి బిడ్డ అసలు లేకపోయినా బాగుండేదన్నా. ఎనిమిదో రోజుకి జ్వరం వచ్చింది. విన్నాడనుకున్నా. నేనన్నది దేవుడు విని చేశాడనుకున్నా. అందుకని ఆ రోజే లేకండా చేద్దామనుకున్నా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. దీపం మెల్లగా, మినుకుమినుకుమంటూ, పచ్చగా నిలబడింది.

కెజియా తన అరచేతులు చూసుకుంది. "మరి ఆ వేపపూలు?"

"అయి నాయి."

"నాకు ఇప్పుడు కూడా కనపడతన్నాయమ్మా. ముక్కుకి వాసన తెలుస్తంది. వాటిని నేనేం చేసుకోను?"

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"ఇంకా ఎన్నున్నాయ్, నీయి, నాలో?"

"గ్యాసు... గ్యాసు చూసుకోవటం. లారీలు. నువ్వు సైకిలు..."

"వద్దు," అంది. అరవలేదు. చెయ్యి ఎత్తి నా మాట ఆపింది, అంతే. "ఇంక నువ్వు చెప్పబాకమ్మా. నిజం కూడా చెప్పబాక."

మర్నాటి నుంచి నన్ను గదిలోకి రానివ్వలేదు. వాళ్ల నాన్నను రెండు రోజులు పిలిపించుకుంది. తర్వాత ఆయన్నూ వద్దంది. పట్టీ పెట్టుకుని ఒక్కతే కూర్చుంటానంది. తనకు తాను చెప్పుకుంటే నాటుకుంటుందా అని డాక్టరమ్మను అడిగిందట. ఇంతవరకూ ఎవరూ చేసి చూడలేదని ఆవిడ అన్నారట.

నూరో రోజు నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. గది తలుపుకు అద్దం ఉంది. లోపల కెజియా గోడ వైపు తిరిగి ఉంది, చెంప ఒక్కటే కనిపిస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ఒక చోట ఆగింది. మళ్లీ కదిలాయి. ప్రార్థన చేస్తోందా, నన్ను తిడుతోందా, లేని కథలు అల్లుకుంటోందా, నాకు వినపడలేదు. చెవి ఆనిస్తే వినపడుతుందేమో. ఆ లోపల ఉన్నది నేను కన్న పిల్లో, నేను చెప్పిన పిల్లో, మా ఇద్దరికీ తెలియని మూడో మనిషో. రక్షణ ఉందో లేదో. తలనొప్పి వస్తుందేమో, పడిపోతుందేమో. నూరు రకాలుగా భయం వేసింది. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

"టీ తాగొద్దాం రా," అన్నాడు మా ఆయన.

"నువ్వు పో."

సాయంత్రం నాలుగింటికి తలుపు తెరుచుకుంది. కెజియా పట్టీ తీసి డాక్టరమ్మ చేతికిచ్చింది. నుదుటి చుట్టూ ఎర్రటి గీత. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా వైపు చూసిన చూపు నాకు తెలిసినది కాదు. కొత్తవాళ్లను చూసినట్టూ లేదు.

"ఆకలేస్తంది," అంది.

ఏం చెప్పుకున్నావే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పళ్లు బిగించి లేచి నిలబడ్డాను.

"పద," అన్నాను. అది ముందు నడిచింది.